పిల్లలు హోమ్‌లో ఉన్న తల్లితో కౌన్సెలర్ ఎలా పని చేయాలి

తమ్ముడూ, నువ్వు రాసింది మొత్తం చదివాను. మిగతావాళ్లకి కూడా అర్థమవ్వాలి కాబట్టి ముందు నీ కేసు కుదించి చెప్తా. ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ) చేసి జిల్లాలో ఒక సంస్థలో ఫ్యామిలీ కౌన్సెలర్‌గా కొత్తగా చేరావు. ఒక తల్లి, కూలి పని, కల్లు అలవాటు, భర్త వదిలేసి పోయాడు. పిల్లలు తిండి లేకుండా ఇంట్లో ఉన్నారని పక్కింటివాళ్లు పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేస్తే ఛైల్డ్ వెల్ఫేర్ కమిటీ, అదే మనం సీడబ్ల్యూసీ అంటామే, తొమ్మిదేళ్ల బాబుని బాలుర హోమ్‌లో, ఏడేళ్ల పాపని బాలసదనంలో పెట్టింది. మొదట్లో ఆమె వచ్చి గొడవ చేసింది, ఇప్పుడు రావడమే మానేసింది. హోమ్ వాళ్లేమో "ఆమెకి పిల్లల మీద ప్రేమ లేదు సార్, వచ్చినా పిల్లలు రెండ్రోజులు ఏడుస్తారు, రాకపోవడమే మేలు" అంటున్నారు. కమిటీ నిన్ను రిపోర్ట్ అడిగింది. ఆమె తల్లిగా పనికొస్తుందో లేదో తేల్చాలంటే ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి అని నీ ప్రశ్న.

సూటిగా చెప్తా, తేల్చడం నీ పని కాదు. దానికి కమిటీ ఉంది, ఛైర్‌పర్సన్‌తో పాటు నలుగురు మెంబర్లు, వాళ్లకి మేజిస్ట్రేట్ స్థాయి అధికారాలు 2015 జువెనైల్ జస్టిస్ చట్టమే ఇచ్చింది. ఇంటి పరిస్థితి విచారించి సోషల్ ఇన్వెస్టిగేషన్ రిపోర్ట్ ఇవ్వడానికి జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో సోషల్ వర్కర్లున్నారు. నువ్వు కూడా ఇంకో ఎంక్వైరీ ఆఫీసర్‌లా ఎదురుగా కూర్చుంటే ఆమెకి మనసు విప్పి మాట్లాడుకోడానికి ఒక్క మనిషి మిగలరు. పోలీసులు అడిగారు, కమిటీ అడిగింది, హోమ్ సూపరింటెండెంట్ అడిగింది, అంగన్‌వాడీ టీచర్ అడిగింది, అందరిదీ ఒకటే ప్రశ్న, ఎందుకు తాగావు, పిల్లల్ని ఎట్లా వదిలేశావు. పిల్లలు పోయాక నువ్వెట్లా ఉన్నావమ్మా, రాత్రి నిద్ర పడుతోందా, వండుకుంటున్నావా అని అడిగేవాళ్లు చాలా కేసుల్లో ఎవరూ ఉండరు. నువ్వు మొదలుపెట్టాల్సింది అక్కడ.

అలాగని ఆమె వైపు లాయర్‌లా మారిపోమని కాదు. పిల్లల క్షేమం ముందు, ఆ తర్వాతే ఏదైనా. మొదటి రోజే ఆమెకి ఓపెన్‌గా చెప్పెయ్, నువ్వు నాతో చెప్పేవాటిలో కమిటీకి ఏం వెళ్తుంది, ఏం వెళ్లదు అని. నేను రిపోర్ట్ రాస్తా, రాసింది ముందు నీకే చదివి వినిపిస్తా, తప్పుంటే చెప్పు, నువ్వు ఒప్పుకోనిది కూడా నువ్వు ఒప్పుకోలేదనే రాస్తా అని చెప్పు. పిల్లల మీద లైంగిక దాడి జరిగినట్టు తెలిస్తే మాత్రం 2012 పోక్సో చట్టం ప్రకారం పోలీసులకి చెప్పక తప్పదు, దాచితే మన మీదే కేసు, ఇది కూడా ముందే చెప్పాలి. ఇవన్నీ చెప్తే ఆమె నోరు మూసుకుపోతుందేమో అని కొత్తవాళ్లు భయపడతారు, నా అనుభవంలో జరిగేది దానికి పూర్తిగా రివర్స్, అప్పటిదాకా అందరూ ఏదో దాచి మాట్లాడినవాళ్లే కాబట్టి ఉన్నదున్నట్టు చెప్పిన మనిషిని వాళ్లు నమ్ముతారు.

ఇప్పుడు ఆమె బాధ గురించి. మన ఊళ్లల్లో ఎవరన్నా చనిపోతే చుట్టాలొస్తారు, పక్కింటివాళ్లు అన్నం వండి తెస్తారు, మూడో రోజు, పదకొండో రోజు అని ఒక క్రమం ఉంటుంది, ఏడవడానికి ఒక చోటు, ఒక టైమ్ ఉంటాయి. పిల్లల్ని ప్రభుత్వం తీసుకెళ్లిన తల్లికి ఇవేవీ లేవు, పైగా నీ కర్మ, నీ చేతులారా చేసుకున్నావ్ అంటారు. అమెరికాలో పాలీన్ బాస్ అని ఒక ఫ్యామిలీ థెరపిస్ట్, వియత్నాం యుద్ధంలో ఆచూకీ తెలియకుండా పోయిన సైనికుల కుటుంబాలతో పనిచేసి దీనికి ఆంబిగ్యుయస్ లాస్ అని పేరు పెట్టింది. మనిషి పోలేదు కాబట్టి పోయినట్టు ఏడవలేరు, ఇంట్లో లేడు కాబట్టి మామూలుగా బతకలేరు, ఎటూ తేలని స్థితి. పిల్లలు హోమ్‌లో ఉన్న తల్లిదండ్రుల్లో నేను చూసేది ఇదే. పిల్లల బట్టలు ఉతికి మడిచి పెట్టుకుంటారు, బడి వదిలే టైమ్‌కి గుమ్మంలోకి వచ్చి నిలబడతారు, తర్వాత ఆ గుండెకోత తట్టుకోలేక కల్లు కాంపౌండ్‌కి పోతారు, అది చూసి జనం "పిల్లలు పోయినా బుద్ధి రాలేదు" అంటారు.

సిగ్గు ఇంకో పెద్ద విషయం. నువ్వు ఆమె వాడకట్టులో అడిగి చూడు, చాలామందికి పిల్లలు "హాస్టల్లో ఉన్నరు" అని చెప్పి ఉంటుంది. గురుకులాలు, సంక్షేమ హాస్టళ్లు మన దగ్గర ఎటూ మామూలే కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. ఆ అబద్ధాన్ని నువ్వు బద్దలు కొట్టకు, ఆమె ఇంటికి వెళ్లినప్పుడు మెడలో ఐడీ కార్డు వేసుకుని, సంస్థ పేరున్న జీపులో దిగకు. ఆమె తలెత్తుకుని తిరగడానికి మిగిలింది అదొక్కటే, ఆమె గడప దాటి నువ్వు లోపలికి వెళ్లాలంటే ఆ మర్యాద కాపాడాలి.

గొడవ చేసింది అన్నావు కదా. గొడవ దేనికి చేసిందో ఎవరైనా అడిగారా? నేను చూసిన ఒక కేసు చెప్తా, గుర్తుపట్టే వివరాలు మార్చాను. శిశుగృహలో నాలుగేళ్ల పాప, తల్లి చూడ్డానికి వచ్చి పాపని చూడగానే కేకలు మొదలుపెట్టింది, కుర్చీ తోసేసింది, రిజిస్టర్‌లో "విజిటర్ దురుసుగా ప్రవర్తించింది" అని రాసుకున్నారు, కమిటీలో కూడా అదే చదివారు. నేను ఆమెని బయట వేపచెట్టు కింద కూర్చోబెట్టి నీళ్లిచ్చి ఏమైందమ్మా అంటే చాలాసేపటికి చెప్పింది. పాప పుట్టగానే జబ్బుపడి బతకదన్నారట, అప్పుడు వేములవాడ రాజన్నకి పుట్టువెంట్రుకలు మొక్కుకుంది, డబ్బుల్లేక ఏటేటా వాయిదా పడుతూ వచ్చింది, ఒక్క వెంట్రుక కత్తిరించకుండా నాలుగేళ్లు కాపాడుకొచ్చింది. శిశుగృహలో పేలు ఎక్కువయ్యాయని అందరితో పాటు ఈ పాపకీ జుట్టు తీసేశారు. సిబ్బందిది తప్పని నేననను, గదినిండా పిల్లలుంటే పేలకి వాళ్లు చెయ్యగలిగింది అదే. కానీ ఆ తల్లికి బిడ్డ ప్రాణం నిలబెట్టిన మొక్కు పోయింది, ఇంక ఈ పిల్ల నాది కాదు అని అప్పుడు అర్థమైంది. ఇద్దర్నీ కూర్చోబెట్టి ఈ సంగతి ఆమె నోటితోనే సూపరింటెండెంట్‌కి చెప్పించాను, ఆవిడ "నాకు తెలిస్తే కత్తెర పెట్టనిచ్చేదాన్నే కాదమ్మా" అంది. ఆ మాట తర్వాత ఆ తల్లి ఆ బిల్డింగ్‌లో ఎప్పుడూ గొంతు పెంచలేదు. కోపం వెనక ఏదో ఒక వస్తువు, ఒక మాట, ఒక పట్టింపు ఉంటుంది తమ్ముడూ, అది దొరికేదాకా "యాంగర్ మేనేజ్‌మెంట్" అని ఫైల్లో రాయకు.

ఇప్పుడు రావడం మానేసింది కదా, దాన్ని ప్రేమ లేకపోవడం కింద లెక్కేసే ముందు లెక్క చూడు. బాబు ఒకచోట, పాప ఒకచోట. ఇద్దర్నీ చూడాలంటే రెండు రోజుల కూలి పోతుంది. 2023 డిసెంబర్ నుంచి తెలంగాణలో ఆడవాళ్లకి ఆర్టీసీ బస్సు ఫ్రీ కాబట్టి ఛార్జీల బాధ తగ్గింది, కూలి పోయే బాధ తగ్గలేదు. మిర్చి ఏరే సీజన్‌లో ఒకరోజు మానేస్తే మేస్త్రీ మర్నాడు పిలవడు. విజిట్ టైమ్ మామూలుగా పగలే ఉంటుంది, కూలి పని టైమ్ కూడా అదే. దీనికి తోడు పోయిన ప్రతిసారీ బిడ్డ "అమ్మా నన్ను తీస్కపో" అని కొంగు పట్టుకుంటుంది, ఆమె చేతిలో లేదు, వదిలించుకుని రావాలి. ఇంటికొచ్చాక రెండు రోజులు మనిషి కాదు. మూడోసారికి కాళ్లు రావు. ఇది తల్లులు నాకు చెప్పిన మాటే.

అందుకే కమిటీకి నువ్వు మొదట పెట్టాల్సిన రిక్వెస్ట్, అన్నాచెల్లెళ్లని ఇద్దర్నీ ఒకేచోట, ఒకేరోజు తల్లికి చూపించమని. బాబుని బాలసదనానికి తీసుకురావడానికి ఒక కేర్‌టేకర్, ఒక ఆటో చాలు. అన్నాచెల్లెళ్లు కూడా ఒకరినొకరు చూసుకుని ఎన్నాళ్లయిందో ఎవరూ పట్టించుకుని ఉండరు, ఆ పిల్లలకి తల్లి దూరమవ్వడం ఒక దెబ్బైతే ఇది రెండోది. రెండో రిక్వెస్ట్, ఆమె పనికి సెలవుండే రోజు విజిట్ పెట్టమని. పిల్లలకి తల్లిదండ్రులతో క్రమం తప్పకుండా కలిసే హక్కు ఉందని ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికలో 9వ ఆర్టికల్ చెప్తుంది, మన దేశం 1992లోనే ఒప్పుకుంది. అది పిల్లల హక్కు, తల్లికి చేసే ఫేవర్ కాదు. హోమ్ వాళ్లతో ఈ మాట కోపంగా కాదు, కూర్చుని టీ తాగుతూ చెప్పు.

విజిట్ తర్వాత పిల్లలు ఏడుస్తారు, పక్క తడుపుతారు, అన్నం తినరు, కాబట్టి తల్లి రాకపోతేనే మంచిది అనే వాదన నువ్వు పనిచేసినన్నాళ్లూ వింటావు. ఇంగ్లండ్‌లో 1950ల్లో జేమ్స్ రాబర్ట్‌సన్, జాన్ బౌల్బీ ఆస్పత్రుల్లో ఒంటరిగా ఉంచిన చిన్నపిల్లల్ని గమనించి చెప్పింది ఇదే, మొదట పిల్లలు గొంతు పోయేలా ఏడుస్తారు, తర్వాత దిగులుగా ఒక మూలకి ముడుచుకుంటారు, ఆ తర్వాత "సెటిల్" అవుతారు, నర్సుల దగ్గర నవ్వుతారు, అమ్మ వస్తే మొహం తిప్పుకుంటారు. ఆ మూడో దశనే అప్పట్లో ఆస్పత్రివాళ్లు బాగుపడ్డారు అనుకునేవాళ్లు, నిజానికి అదే ఎక్కువ ప్రమాదం. విడిపోయేటప్పుడు ఏడ్చే పిల్లాడికి బంధం బతికి ఉన్నట్టు. నువ్వు భయపడాల్సింది వేరే దానికి, అమ్మ వస్తోందంటే దాక్కోవడం, ముందురోజే కడుపునొప్పి రావడం, ఆమె చెయ్యి లేస్తే తల కాచుకోవడం, ఇవి కనబడితే విజిట్లు ఆపి పిల్లలతో విడిగా పనిచెయ్యాలి, అప్పుడు తల్లి ఎంత ఏడ్చినా సరే. ఈ రెండిటికీ తేడా హోమ్ స్టాఫ్‌కి నేర్పడం కూడా నీ పనే.

బాబు తొమ్మిదేళ్లవాడు కాబట్టి ఆమె మళ్లీ వచ్చిన రోజు వాడు మాట్లాడకపోవచ్చు, తెచ్చిన బిస్కెట్ ప్యాకెట్ పక్కన పెట్టేసి ఆడుకోడానికి పోవచ్చు. అది ముందే ఆమెకి చెప్పి తీసుకురావాలి, లేకపోతే "నా కొడుక్కే నేను అక్కర్లేదు" అని అక్కడికక్కడే కూలిపోతుంది. విజిట్‌కి ముందు అరగంట, అయ్యాక అరగంట ఆమెతో ఉండేలా నీ టైమ్ పెట్టుకో. ముందు అరగంటలో ప్రాక్టీస్ చేయించు, నువ్వే పిల్లాడివై "ఎప్పుడు తీస్కపోతవ్" అని అడుగు. చాలామంది తల్లులు "వచ్చే సోమారం" అనేస్తారు, ఏడుపు ఆపడానికి. ఆ సోమవారం పిల్లాడు గేటు దగ్గర పొద్దున్నించీ కూర్చుంటాడు. అందుకని ఆమె చేతిలో ఉన్నదే మాటివ్వాలి, "నాకు తెల్వది బిడ్డా, కమిటీ మేడమోళ్లు చెప్పాలె, నేనైతే మల్ల ఆదివారం వస్త" అని, చెప్పిన ఆదివారం ఎట్లాగైనా వచ్చి తీరేలా చూడాల్సింది నువ్వు.

ఇంకోటి, ఊరికే ఎదురెదురుగా ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చోబెడితే, తలుపు దగ్గర ఒక ఆయా నిలబడి చూస్తుంటే, ఏ తల్లికీ మాట రాదు. చేతులకి పని కావాలి. హోమ్‌లో పర్మిషన్ అడిగి కొబ్బరినూనె సీసా, దువ్వెన తెచ్చుకోమను. పాపని ముందు కూర్చోబెట్టుకుని తలకి నూనె రాసి, చిక్కు తీసి, రెండు జడలు వేసేలోపు ఎన్ని మాటలు దొర్లుతాయో నువ్వే చూస్తావు, ఎవరు కొట్టారు, బడిలో ఏం చెప్పారు, రాత్రి భయమేస్తుందా. మాట్లాడమంటే మాట్లాడని బాబు కూడా పక్కకొచ్చి నిలబడతాడు. వాడి గోళ్లు తీయమను, నోట్‌బుక్‌కి అట్ట వెయ్యమను. విజిట్ అయ్యాక అరగంట మాత్రం ఆమెని ఒంటరిగా బస్టాండ్‌కి పంపకు, ఆ దారిలోనే కల్లు దుకాణం ఉంటుంది.

కల్లు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ ప్రాణాలకే ముప్పు. తెలంగాణలో చాలాచోట్ల అమ్మేది చెట్టు కల్లు కాదు, ఆల్ప్రాజోలమ్, డయాజెపామ్, క్లోరల్ హైడ్రేట్ లాంటి మందులు కలిపింది. రోజూ తాగినవాళ్ల ఒంటికి ఆ మత్తుమందులు అలవాటైపోతాయి. కమిటీలో "వచ్చే వాయిదాకల్లా తాగుడు మానెయ్యాలి" అంటారు, ఆమె బిడ్డల కోసం పట్టుదలగా ఒక్కసారిగా మానేస్తుంది, రెండు మూడు రోజుల్లో నిద్ర పట్టదు, చేతులు వణుకుతాయి, పిచ్చిపిచ్చిగా మాట్లాడుతుంది, లేనివి కనబడతాయి, ఫిట్స్ వస్తాయి. 2015లో కల్తీ కల్లు మీద దాడులు జరిగి సరఫరా ఆగినప్పుడు జిల్లా ఆస్పత్రులు ఇలాంటి కేసులతోనే నిండిపోయాయి. ఆ స్థితిలో ఆమె హోమ్‌కి వచ్చి అరిస్తే "తాగి వచ్చింది" అని రాస్తారు, నిజానికి ఆమె మానేసి వచ్చింది. నీ కేసులో గొడవ చేసిన రోజులు ఏవో, మానిన రోజులు ఏవో పక్కపక్కన పెట్టి చూడు, నాకైతే ఆ అనుమానం గట్టిగా ఉంది. ఏదేమైనా ఒక్కసారిగా మానమని చెప్పకు, జిల్లా ప్రభుత్వ ఆస్పత్రిలో సైకియాట్రీ డాక్టర్ దగ్గరికి నువ్వే వెంట తీసుకెళ్లు, వాళ్లు మందులిచ్చి మెల్లగా తగ్గిస్తారు, అవసరమైతే అడ్మిట్ చేస్తారు. రాత్రిపూట ఆమెకి ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 ఉంది, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులేం కట్టక్కర్లేదు. ఆస్పత్రి ఓపీ చీటీ ప్రతిదీ జిరాక్స్ తీసి దాచు, రేపు కమిటీలో "మారడానికి ప్రయత్నిస్తోంది" అన్న మాటకి అదే ఆధారం.

చట్టం గురించి ఆమెకి ఎవరూ చెప్పి ఉండరు, చెప్పినా అర్థమయ్యేలా చెప్పి ఉండరు. ఇంటి విచారణ రిపోర్ట్ పదిహేను రోజుల్లో రావాలి, పిల్లల్ని మొదట హాజరుపరిచిన రోజు నుంచి నాలుగు నెలల్లో కమిటీ తుది ఉత్తర్వు ఇవ్వాలి, పిల్లల్ని సంస్థలో ఉంచడం ఆఖరి మార్గం మాత్రమే అని చట్టం మూడో సెక్షన్‌లోనే రాసి ఉంది. ఉత్తర్వు నచ్చకపోతే 30 రోజుల్లో చిల్డ్రన్స్ కోర్టుకి అప్పీల్ చేసుకోవచ్చు. ఆడవాళ్లకి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయర్‌ని ఇవ్వాలని 1987 లీగల్ సర్వీసెస్ అథారిటీస్ చట్టం చెప్తుంది, మామూలుగా జిల్లా కోర్టు ఆవరణలోనే జిల్లా లీగల్ సర్వీసెస్ ఆఫీసు ఉంటుంది, తీసుకెళ్లి అర్జీ పెట్టించు. ఇవన్నీ ఒక కాగితం మీద తేదీలతో రాసివ్వు, చదువు రాకపోతే క్యాలెండర్ మీద గుండ్రాలు చుట్టివ్వు. థెరపీకి దీనికీ ఏం సంబంధం అని నీ సూపర్‌వైజర్ అనొచ్చు. ఏం జరుగుతోందో తెలియని మనిషి మనసు ఎంత సేపు కౌన్సెలింగ్ చేసినా కుదుటపడదు.

డబ్బు సంగతి కూడా అంతే. పిల్లల సంరక్షణకి కేంద్రం పెట్టిన మిషన్ వాత్సల్య పథకం కింద స్పాన్సర్‌షిప్ ఉంది, ఒక్కో బిడ్డకి నెలకి 4000 రూపాయలు, భర్త చనిపోయిన, విడాకులైన, వదిలేసిన తల్లుల పిల్లలు దీనికి వస్తారు, పల్లెల్లో కుటుంబ ఆదాయం ఏడాదికి 72,000, పట్టణాల్లో 96,000 దాటకూడదు. ఇద్దరు పిల్లలకి కలిపి ఎనిమిది వేలు వస్తే ఆ ఇంట్లో పరిస్థితే వేరు. పిల్లలు ఇంటికొచ్చాక చూద్దాం అనుకోకుండా ఇప్పుడే బాలల పరిరక్షణ విభాగంలో కదిలించు, కమిటీకి కూడా "ఇంటికి పంపితే తిండెట్లా" అన్న ప్రశ్నకి జవాబు దొరుకుతుంది. భర్త మీద భరణం కేసు వెయ్యాలనుకుంటే అదే లాయర్ వేస్తారు. అసలు ఆ భర్త గురించి నీ ఫైల్లో ఒకే ఒక్క లైను ఉంది, "తండ్రి వదిలేసి పోయాడు". ఎక్కడికి పోయాడు, ఎందుకు పోయాడు, కొట్టేవాడా, బాబు నాన్న గురించి అడుగుతున్నాడా? కొట్టేవాడైతే ఆమె తాగుడు ఎప్పుడు మొదలైందో నీకు అర్థమవుతుంది, హింసకి గురైన ఆడవాళ్లకి సాయం చేసే జిల్లా సఖి సెంటర్‌కి కూడా కలపాలి. మన ఫైళ్లన్నీ తల్లి తప్పులతో నిండి ఉంటాయి, తండ్రి ఏ పేజీలోనూ ఉండడు, ఇది నాకు ఏళ్ల తరబడి కడుపు మండే విషయం.

ఆమె ఒక్కదాంతో కాదు, కుటుంబంతో పనిచెయ్యి. అమ్మమ్మ ఉందా, మేనమామ ఉన్నాడా, ఎవరితో మాటల్లేవు, ఎందుకు లేవు, ఒక పెద్ద కాగితం మీద ఆమెతోనే వంశవృక్షం గీయించు. న్యూయార్క్ దగ్గర విల్ట్‌విక్ స్కూల్లో పేద కుటుంబాల మగపిల్లలతో పనిచేసిన సాల్వడార్ మినూచిన్, పిల్లాణ్ణి ఒక్కణ్ణే బాగుచేసి ఇంటికి పంపితే నిలవదని, ఇల్లంతా కలిసి కదలాలని అక్కడ్నించే నేర్చుకున్నాడు. మన కేసుల్లో ఇంటివాళ్లే కాదు, హోమ్ కూడా ఆ కుటుంబంలో ఒక భాగం అయిపోతుంది. ఆయా "మీ అమ్మ రాదులే" అంటుంది, అమ్మ "వాళ్లు నిన్ను సరిగ్గా చూస్తలేరా" అంటుంది, పిల్ల ఎవరి దగ్గర వాళ్లకి నచ్చే మాట చెప్పడం నేర్చుకుంటుంది. అందుకని ఒక్కసారైనా అమ్మమ్మనీ, తల్లినీ, హోమ్ కేర్‌టేకర్‌నీ ఒకే గదిలో కూర్చోబెట్టు. నిందలు మొదలవుతాయి, ఆపడానికి తొందరపడకు, ఒకరి గురించి ఇంకొకరిని అడుగు, ఆమె తాగినప్పుడు అమ్మమ్మ ఏం చేస్తుంది, అమ్మమ్మ తిడితే బాబు ఏం చేస్తాడు, బాబు బయటికి పోతే పాప ఎవరి దగ్గరికి పోతుంది. ఇట్లా అడిగితే తప్పెవరిది అనే గొడవ పక్కకి పోయి ఆ ఇంట్లో ఏం జరుగుతోందో వాళ్లకే కనబడుతుంది. ఆమె తాగి పడిపోయిన రోజు పిల్లలు ఎవరింటికి పోవాలి అన్నది ఆ మీటింగ్‌లో తేలితే నీకు సగం సేఫ్టీ ప్లాన్ వచ్చేసినట్టే.

రిపోర్ట్ దగ్గరికొద్దాం. "తల్లి సహకరించడం లేదు", "బాధ్యతారాహిత్యం", "మద్యానికి బానిస", ఇలాంటి మాటలు రాయకు, ఒకసారి ఫైల్లో ఎక్కితే తర్వాత వచ్చే ప్రతి ఆఫీసరూ వాటినే కాపీ కొడతాడు. చూసింది రాయి. ఫలానా తేదీల్లో విజిట్‌కి వచ్చింది, ఫలానా తేదీల్లో రాలేదు, రానివి కూలి దొరికిన రోజులు. విజిట్‌లో పాప తల దువ్వింది, వెళ్లేటప్పుడు పాప ఏడ్చింది, ఇరవై నిమిషాల్లో ఆటలో పడింది. ఇన్ని వారాలుగా ఆస్పత్రికి వెళ్తోంది, చీటీలు జత చేశాను. కల్లు మానేశానని ఆమె చెప్తోంది, పక్కింటామె గత వారం ఒకరోజు తాగిందంటోంది. మంచీ చెడూ రెండూ రాయి, చెడు దాస్తే ఆ పిల్లలకి ఏమన్నా అయితే నువ్వు బాధ్యుడివి, పైగా కమిటీ నీ తర్వాతి రిపోర్ట్ ఏదీ నమ్మదు.

అన్నీ చేసినా పిల్లలు ఇంటికి రాని కేసులుంటాయి, ముందే చెప్తున్నా. ఇల్లు సేఫ్ కాదని నీకే అనిపించొచ్చు, అప్పుడు ఆ మాట ఆమెకి మొహం మీదే చెప్పాలి, కమిటీ హాల్లో మొదటిసారి వినేలా చెయ్యకూడదు. అట్లాంటి తల్లిని చాలామంది కౌన్సెలర్లు అక్కడితో వదిలేస్తారు, కేస్ క్లోజ్డ్. ఆమెకి నీ అవసరం అప్పుడే ఎక్కువ. ఇంటికి రాకపోయినా పండక్కి కలవొచ్చు, బట్టలు పంపొచ్చు, ఉత్తరం రాయించొచ్చు, ఆ పిల్లలు పెద్దయ్యాక అమ్మ నన్ను వదిలేసిందా అని అడిగినప్పుడు చూపించడానికి అవి ఉండాలి. ఒక్క విషయంలో గట్టిగా నిలబడు, ఎవరైనా ఆమెని "దత్తతకి ఇస్తున్నట్టు సంతకం పెట్టెయ్, నీకూ పిల్లలకీ సుఖం" అని ఒత్తిడి చేస్తే ఒప్పుకోకు. పిల్లల్ని అప్పగించడం తల్లి తన ఇష్టంతో చెయ్యాలి, కౌన్సెలింగ్ ఇవ్వాలి, సంతకం తర్వాత కూడా మనసు మార్చుకోడానికి రెండు నెలల టైమ్ చట్టం ఇచ్చింది, ఇది ఆమెకి తెలియాలి. విజిట్లు లేకుండా చాలాకాలం గడిస్తే పిల్లల్ని వేరే కుటుంబంలో పెట్టే ఆలోచన కమిటీకి వస్తుంది, అది తప్పని నేననను, అందుకే ఆమె రావడం ఆగిపోకూడదని ఇంతగా చెప్తున్నా.

ఇంటికొస్తే అయిపోయిందనుకోకు. మొదటి కొన్నాళ్లు బాగుంటుంది, తర్వాత బాబు అన్నం దాచిపెట్టుకోవడం మొదలుపెడతాడు, చిన్నదానికి అరుస్తాడు, కోపమొస్తే "1098కి ఫోన్ చేస్త" అంటాడు. ఆమె భయంతో వాణ్ణి ఏమీ అనలేదు, లేదా భయం పట్టలేక చెయ్యి చేసుకుంటుంది. పిల్లలు ఇల్లు మళ్లీ పోతుందేమోనని పరీక్షించి చూసుకుంటారని ఆమెకి ముందే చెప్పి ఉంచు, ఫాలో అప్ విజిట్లు నెలకోసారి రిజిస్టర్‌లో సంతకం కోసం కాకుండా మొదట్లో వారం వారం వెళ్లు.

ఇప్పటికి నువ్వు చెయ్యాల్సింది ఇది. ముందు హోమ్‌లకి వెళ్లి సూపరింటెండెంట్‌ని అడిగి పాప వేసిన బొమ్మో, బాబు చేతిరాత ఉన్న కాగితమో తీసుకో. పొద్దున ఆరింటికల్లా, ఆమె కూలికి బయల్దేరకముందే ఇంటికి వెళ్లి అది ఆమె చేతిలో పెట్టు, ఆ రోజు కల్లు గురించి ఎత్తకు, విజిట్‌కి రమ్మని కూడా బలవంతం చెయ్యకు. రిపోర్ట్ గడువు దగ్గర్లో ఉంటే కమిటీకి ఇంకొంత టైమ్ కావాలని కారణంతో సహా రాసివ్వు, రాతపూర్వకంగా అడిగితే మామూలుగా ఇస్తారు. ఆమె కల్లు ఎన్నాళ్లుగా తాగుతోంది, రోజుకి ఎన్ని సీసాలు, ఎప్పుడైనా ఫిట్స్ వచ్చాయా, ఈ మూడూ కనుక్కుని ఇక్కడే రాయి, ఆస్పత్రిలో ఏమేం అడగాలో అప్పుడు చెప్తాను.